ఎకరాకు ఏడు వేలు సరిపోతాయా?

అందరికీ నమస్కారం.

డబ్బులిస్తే రైతు నేలకూ నీటికీ మేలు చేసే సేద్యానికి మారతాడా? ముందు హర్యానా సంగతి చెబుతాను. 2020లో అక్కడి ప్రభుత్వం ‘మేరా పానీ మేరీ విరాసత్’ (నా నీరు, నా వారసత్వం) పథకం పెట్టింది. వరి మాని మొక్కజొన్నో, పత్తో, పప్పుధాన్యాలో వేస్తే ఎకరాకు 7,000 రూపాయలు ఇస్తామంది. కొందరు మారారు. అయినా అక్కడ వరిదే పెత్తనం.

రైతు ఆ ఏడు వేలను విడిగా లెక్కేసుకోడు. వడ్లు మండీకి తోలితే మద్దతు ధర వస్తుందని ఆయనకు ఏళ్ల నుంచి తెలుసు. మోటారు కరెంటు ఖర్చు నామమాత్రం. మొక్కజొన్నా కొంటామని మాటిచ్చారు, నిజమే. ఆ మాట నిలబడుతుందో లేదో ఒకటి రెండేళ్లు చూడకుండా పొలమంతా ఎవరు మారుస్తారు? నేనైతే మార్చను.

పంజాబ్‌లో 2022లో నాట్లు లేకుండా వరి విత్తితే ఎకరాకు 1,500 ఇస్తామన్నారు. నీళ్లు ఆదా అయ్యే మాట వాస్తవం. కానీ నాటిన మడిలో నిలవనీరు కలుపును అణిచిపెడుతుంది, వెదజల్లిన పొలంలో ఆ అండ ఉండదు. డబ్బులు తనిఖీ అయ్యాక వస్తాయి. కలుపు అంతదాకా ఆగదు కదా! పైగా అక్కడ కరెంటు ఉచితం, ఆదా చేసిన నీటికి రైతు జేబులో మిగిలేది తక్కువ.

అమెరికాలో 1985 నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది. భూమిని సాగు చేయకుండా గడ్డికో చెట్లకో వదిలేస్తే ప్రభుత్వం పది, పదిహేనేళ్లు కౌలు కడుతుంది. 2007లో అలా 3 కోట్ల 60 లక్షల ఎకరాలకు పైగా ఉండేది. ధాన్యం ధరలు పెరిగాయి, ఒప్పందాలు ముగిసినవాళ్లలో చాలామంది మళ్లీ నాగలి పెట్టారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇప్పుడు మన తెలంగాణకు వద్దాం. 2021–22 యాసంగిలో వడ్ల కొనుగోలు కేంద్రాలు పెట్టబోమని రాష్ట్ర ప్రభుత్వం ముందే చెప్పింది. పైసా ప్రోత్సాహకం లేకుండానే వరి విస్తీర్ణం బాగా పడిపోయింది. చివరికి కొన్నారు, మరుసటి యాసంగికి వరి మళ్లీ పెరిగింది. రైతు చూసేది కాంటా వైపు. అలాగని కాంటా ఎత్తేయమని నేననను, అది అన్యాయం. పెసరకూ, కందికీ, జొన్నకూ అదే ఊళ్లో, అదే కాంటా, వరసగా అయిదేళ్లు పెట్టండి. ఎకరాకిచ్చే డబ్బుల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.