తినడం మొదలుపెట్టాక వచ్చే ఆ ఆకలి

(నేరుగా కెమెరా ముందు)

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో నా బరువెంతో, రోజుకి ఎన్ని కేలరీలు తినేదాన్నో చెప్పను, అప్పటి ఫోటోలూ పెట్టను. జబ్బుతో ఉన్నప్పుడు ఇలాంటి వీడియోలు తెగ చూసేదాన్ని, కోలుకుందామని కాదు, అచ్చంగా ఆ అంకెల కోసమే.

నాకు వచ్చింది అనొరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. మన ఇళ్ళలో ఇది భలే దాక్కుంటుంది. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఉపవాసం, ఇక కార్తీకమాసం వస్తే అడిగేవాళ్ళే ఉండరు. మా అమ్మ నా భక్తి గురించి పక్కింటావిడకి గొప్పగా చెప్పుకునేది. తెల్లారకుండానే ఆర్కే బీచ్‌లో నడక, వర్షం పడినా మానేదాన్ని కాదు, అక్కడ రోజూ కనిపించే అంకుల్స్ అయితే "ఈ కాలం పిల్లల్లో ఇంత క్రమశిక్షణా!" అని మెచ్చుకునేవాళ్ళు. నెలసరి ఆగిపోయిన సంగతి వాళ్ళకేం తెలుసు.

సరే, అసలు విషయం. తినడం మొదలుపెట్టడమే కష్టమని అందరూ అంటారు. నన్ను భయపెట్టింది మాత్రం ఆ తర్వాత వచ్చిన ఆకలి. రెండు పెసరట్లు, ఉప్మా తిని లేచి, చేయి కడుక్కుంటూనే మళ్ళీ ఏం తిందామా అని చూడటం. రాత్రి లైటు వేయకుండా వంటింట్లో నిలబడి, గిన్నెలోంచే పెరుగన్నం, పక్కన ఆవకాయ, కడుపు నొప్పెడుతున్నా చేయి ఆగదు. ఇక నా పని అయిపోయింది, ఒక జబ్బు పోయి ఇంకోటి వచ్చింది అనుకున్నా.

(స్క్రీన్ మీద: మిన్నెసోటా, 1944–45)

అప్పుడు డాక్టరుగారు ఈ ప్రయోగం గురించి చెప్పారు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి వాళ్ళ ఒప్పుకోలుతోనే ఆరు నెలలు సగం కడుపుకే తిండి పెట్టాడు. వాళ్ళకి లావైపోతామన్న భయమేమీ లేదు. అయినా రోజంతా తిండి గురించే ఆలోచన, చిరాకు, దిగులు, కొందరైతే వంటల పుస్తకాలు పోగేశారు. మళ్ళీ పూర్తిగా తిండి పెట్టాక, ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నవాళ్ళు కూడా ఉన్నారు. అంటే ఇది నా బుద్ధి గడ్డి తినడం కాదు, పస్తులున్న ఏ ఒళ్ళయినా చేసే పనే. ఆ మాట విన్నాక టెన్షన్ కొంచెం దిగింది.

నాకు పనికొచ్చింది టైమ్ ప్రకారం తినడం. ఆకలేసినా వేయకపోయినా మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి. విచిత్రం ఏంటంటే, పగలు సరిగ్గా తినేకొద్దీ రాత్రి వంటింటి గొడవ తగ్గుతూ వచ్చింది. మనసు మారాక తిందామని కూర్చుంటే ఇప్పటికీ కూర్చునే ఉండేదాన్ని. ముందు ఒంటికి తిండి అందాలి, బుర్ర పనిచేయడం ఆ తర్వాతే.

అమ్మలకి ఒక్క మాట. చాలాకాలం తినని పిల్లకి ప్రేమ కొద్దీ ఒక్కసారిగా నెయ్యన్నం కుక్కేయకండి. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే మొదట్లో రక్తపరీక్షలు చేస్తూ డాక్టర్ల కనుసన్నల్లోనే తిండి పెంచుతారు. ఇంకోటి, "హమ్మయ్య, కాస్త ఒళ్ళు చేశావే!" అని పిన్ని మురిసిపోతూ అన్న రోజు నేను రాత్రి అన్నం ముట్టలేదు. ఆవిడ మంచి మనసుతోనే అంది, కానీ దయచేసి ఒంటి మాట ఎత్తకండి, ఏ సినిమాకి వెళ్దాం అని అడగండి చాలు.

మన వైజాగ్‌లో వాల్తేరు ఆసుపత్రి, అంటే మానసిక వైద్యశాల, అనగానే నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు, నవ్వనివ్వండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి జంకుగా ఉంటే టెలీ మానస్ అనే ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. జబ్బు పేరు తెలియక్కర్లేదు, తిండి దగ్గర ఇబ్బందిగా ఉందని చెప్పండి, మిగతాది వాళ్ళే అడుగుతారు.