2 నిమిషాల్లో 27 డిగ్రీలు

శ్రోతలకు నమస్కారం.

1943 జనవరి 22. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో స్పియర్‌ఫిష్ అనే చిన్న ఊరు. ఉదయం ఏడున్నర. బయట మైనస్ 20 డిగ్రీల చలి. రెండంటే రెండు నిమిషాలు గడిచాయి. థర్మామీటర్ 7 డిగ్రీలు చూపిస్తోంది. 27 డిగ్రీలు పెరిగిందన్నమాట! తొమ్మిది గంటలకల్లా 12 డిగ్రీల దాకా వెళ్లింది. అక్కడి నుంచి మళ్లీ 27 నిమిషాల్లో మైనస్ 20కి పడిపోయింది. ఆ తాకిడికి ఊళ్లో కిటికీ అద్దాలు పగిలాయి.

ఇదెలా జరిగిందంటే, కొండల మీది గాలి కిందికి దిగేటప్పుడు ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. ప్రతి 100 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ. అలా దిగే వెచ్చటి పొడిగాలిని ఆ ప్రాంతంలో షినూక్ అంటారు. ఆ రోజు నేలమీద గడ్డకట్టించే చల్లగాలి పరుచుకుని ఉంది, దాని మీద ఈ వెచ్చటి గాలి. పళ్లెంలో నీళ్లు అటూ ఇటూ ఊగినట్టు ఆ రెండింటి సరిహద్దు ఊగుతూ వచ్చింది. ఊరు కాసేపు చలిలో, కాసేపు వెచ్చదనంలో మునిగి తేలింది.

ఇలాంటివి వింటే ఎవరికైనా ఆశ్చర్యమే. నాకు మాత్రం ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరు చూశారు? దేంతో కొలిచారు? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి లిబియా కథ ఒక్కటి చాలు.

1922 సెప్టెంబర్ 13న లిబియాలోని అల్ అజీజియాలో 58 డిగ్రీలు నమోదైంది. భూమ్మీద అంతకంటే వేడి ఎక్కడా లేదని 90 ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు. కొందరు నిపుణులకు అనుమానం పోలేదు. చుట్టుపక్కల కేంద్రాల్లో ఆ రోజు అంత వేడి లేదు మరి. ప్రపంచ వాతావరణ సంస్థ ఒక బృందాన్ని వేసింది. లిబియా వాతావరణ శాఖ అధికారి ఒకరు పాత రిజిస్టరు వెతికి తీశారు. ఈలోగా 2011లో ఆ దేశంలో తిరుగుబాటు మొదలైంది. నెలల తరబడి ఆయన జాడే తెలియలేదు. పరిస్థితి కుదుటపడ్డాక మళ్లీ వచ్చి పని పూర్తి చేశారు. ఒక పాత అంకె నిజమో కాదో తేల్చడానికి అంత కష్టపడ్డ మనిషంటే నాకు చాలా గౌరవం.

రిజిస్టరు చూస్తే సెప్టెంబర్ 11 నుంచి చేతిరాత మారిపోయింది. కొత్త మనిషి వచ్చాడు. అంకెలు ఒక గడిలో వేయాల్సినవి ఇంకో గడిలో వేశాడు. అప్పట్లో వాడిన థర్మామీటర్లో పాదరసం ఒక చిన్న పుల్లను పైకి తోసేది. ఆ పుల్ల కింది చివర ఎక్కడుందో చూసి రాసుకోవాలి. పై చివర చూస్తే 7 డిగ్రీలు ఎక్కువ వస్తుంది. అలా జరిగి ఉంటుందని బృందం తేల్చింది. 2012లో ఆ రికార్డు రద్దయింది. ఇప్పుడు అధికారిక రికార్డు 56.7 డిగ్రీలు, 1913 జూలై 10న కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో నమోదైంది. దాని మీదా కొందరికి సందేహాలున్నాయి.

ఇక్కడ ఒక మాట. గాలి వేడి అంటే నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నేలకి దాదాపు మీటరున్నర ఎత్తున పెట్టిన థర్మామీటర్ చూపించేది. ఎండలో నిలిపిన కారు చూపించే అంకె ఆ కారుది మాత్రమే.

వానల విషయానికొస్తే, చిరపుంజిలో 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా 12 నెలల్లో 26,461 మిల్లీమీటర్లు కురిసింది. ఎనిమిది అంతస్తుల ఎత్తు నీళ్లు! మరోవైపు చిలీ దేశపు అరికా పట్నంలో 1903 అక్టోబర్ నుంచి 1918 జనవరి దాకా, వరసగా 14 ఏళ్లకు పైగా చుక్క పడలేదు. అరికా సగటు వర్షం ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఏటా అంత పడుతుందని కాదు. చాలా ఏళ్లు ఏమీ పడదు, ఎప్పుడో కొద్దిగా పడుతుంది, దాన్ని అన్ని ఏళ్లకీ పంచితే ఆ అంకె వస్తుంది. సగటు ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు.

గాలి రికార్డులో నన్ను కదిలించింది 1934 ఏప్రిల్ 12. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీది వాతావరణ కేంద్రంలో కొద్దిమంది ఉద్యోగులు. తెల్లవారుజామున వారిలో ఒకాయనకు మెలకువ వచ్చింది. గాలి హోరు చూస్తే భయంకరంగా ఉంది, గాలి వేగం కొలిచే పరికరం మాత్రం తక్కువ చూపిస్తోంది. మంచు పట్టేసిందని అర్థమై, ఆ గాలిలోనే దుడ్డుకర్ర పట్టుకుని బయటికి వెళ్లి, మంచు కొట్టి వచ్చాడు. ఆ మధ్యాహ్నమే గంటకి 372 కిలోమీటర్ల గాలి నమోదైంది. ఆయన బద్ధకించి పడుకుని ఉంటే ఆ అంకె మనకి దొరికేది కాదేమో. తర్వాత ఆస్ట్రేలియాలోని బారో దీవిలో 1996 ఏప్రిల్ 10న తుపాను వేళ ఆటోమేటిక్ పరికరం 408 నమోదు చేసింది. దాన్ని ప్రపంచ రికార్డుగా ఒప్పుకున్నది 2010లో, అంటే 14 ఏళ్లకి.

ఇక అసలు లెక్క. ఒకచోట వేడిని ఈ ఏడాదే కొలవడం మొదలుపెట్టామనుకోండి. మొదటి ఏడాది ఎంతుంటే అదే రికార్డు. రెండో ఏడాది దాన్ని దాటే అవకాశం సగం. మూడో ఏడాది మూడో వంతు. నూరో ఏడాదికి నూటికి ఒక్కటి. వాతావరణం మారకుండా ఉంటే వందేళ్లలో రికార్డు మారేది ఐదుసార్లే, అదీ మొదటి ఏడాదితో కలిపి. చలి రికార్డులకీ ఇదే లెక్క. కాబట్టి రెండూ ఇంచుమించు సమానంగా రావాలి. అమెరికాలో 2000 తర్వాతి పదేళ్ల రోజువారీ రికార్డులు లెక్కపెట్టి చూశారు. చలి రికార్డులకు వేడి రికార్డులు దాదాపు రెట్టింపు వచ్చాయి. ఏదో ఒక్క రోజు ఎండ చూసి చెబుతున్న మాట కాదిది. దాదాపు 1,800 కేంద్రాల్లో రోజూ రాసి పెట్టుకున్న అంకెలు చెబుతున్నది.

కెనడాలో 1937 నాటి 45 డిగ్రీల రికార్డు 84 ఏళ్లు నిలిచింది. 2021 జూన్ 27న లిటన్ అనే ఊళ్లో 46.6. మర్నాడు 47.9. ఆ మర్నాడు 49.6. మామూలుగా పాత రికార్డును అర డిగ్రీ దాటితేనే గొప్ప. ఇక్కడ మూడు రోజుల్లో నాలుగున్నర డిగ్రీలకు పైగా దాటింది. నాలుగో రోజు మంటలొచ్చి ఊరు చాలావరకు కాలిపోయింది. ఇద్దరు చనిపోయారు. ఈ అంకెలు చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

పాత కాగితాల గురించి ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2020 వసంతంలో బ్రిటన్ లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, రెడింగ్ యూనివర్సిటీ వాళ్లు 65,000 పాత వర్షపాతం కాగితాల ఫొటోలు ఇంటర్నెట్లో పెట్టి, చూసి టైప్ చేయమని జనాన్ని అడిగారు. 16,000 మంది ముందుకొచ్చారు. 50 లక్షలకు పైగా అంకెల్ని 16 రోజుల్లో ఎక్కించేశారు. 2022లో లెక్కలన్నీ సరిచూశాక, బ్రిటన్‌లో అత్యంత తక్కువ వాన పడిన ఏడాది 1887 కాదు, 1855 అని తేలింది. 1855లో నెలనెలా వర్షమాపకం చూసి, ఎంత పడిందో కాగితం మీద రాసిన వాళ్ల మాట 167 ఏళ్ల తర్వాత లెక్కలోకి వచ్చింది.

నమస్కారం.