పేరంటం గడప దాటి: మన ఊళ్లలో ఆడవాళ్ల సంఘాల కథ

సభలోని పెద్దలకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

స్త్రీల చరిత్ర అనగానే మన సభల్లో రుద్రమదేవితో మొదలుపెట్టి సరోజినీ నాయుడు దగ్గర ఆపుతారు. వాళ్ల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను అడగాలనుకుంటున్నది ఇంకో సంగతి. ఒక ఊళ్లో పదిమంది ఆడవాళ్లు ఇంటి పనికి సంబంధం లేని పని మీద ఒకచోట కూర్చోవడం ఎప్పుడు మొదలైంది? ఏం చెప్పి ఇంట్లోంచి బయటికి వచ్చారు? అక్కడికి ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు? ఈ ప్రశ్నలు పట్టుకుని వెళ్తే మనకు వేరే చరిత్ర కనిపిస్తుంది.

ఆడవాళ్లు కలుసుకోవడం మనకు కొత్తేమీ కాదు. నోములున్నాయి, పేరంటాలున్నాయి, గుడిలో పురాణ కాలక్షేపం ఉంది, కోతల్లో నాట్లలో కలిసి పాడుకోవడం ఉంది. పేరంటానికి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచేవారు. అలా పిలిస్తే మగవాళ్లెవరూ వద్దనడానికి లేదు. అందుకే పేరంటం ఎంత ముఖ్యమో మనకు అర్థం కావాలి. కానీ అదే పేరంటానికి భర్త పోయిన మనిషిని పిలిచేవారు కాదు. పదేళ్ల పిల్ల అయినా సరే. వేరే కులం ఆడవాళ్లు వాకిట్లోనే ఆగిపోయేవారు. మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చే ఆడవాళ్లను వాకిలి దాకా కూడా రానిచ్చేవారు కాదు. తర్వాత వచ్చిన సమాజాలూ సంఘాలూ ఈ గీతల్లో దేన్ని చెరిపాయి, దేన్ని అలాగే ఉంచాయి అన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇది స్కూలు పుస్తకాల్లో ఉంది. ఆ పెళ్లి నాడు వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. వెలి అంటే అప్పుడు మామూలు శిక్ష కాదు. పురోహితుడు రాడు, చాకలి రాడు, చుట్టాలు రారు. వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి వంట చేసింది. పెళ్లిళ్లు చేసుకున్న ఆ పిల్లలు, వాళ్ల పురుళ్లు, వాళ్ల జ్వరాలు కూడా ఆమె ఇంట్లోనే. ఉపన్యాసం ఒక పూటతో అయిపోతుంది, ఆమె పని ఏళ్ల తరబడి సాగింది. ఆ ఉద్యమం చరిత్ర రాసేటప్పుడు ఆ బిందెలను కూడా లెక్కలో వెయ్యాలని నా కోరిక.

ఇక 1902కి వద్దాం. ఆ సంవత్సరం నాకు చాలా ఇష్టం. ఆ ఏడాది బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అదే ఏడాది ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య ‘హిందూ సుందరి’ అనే స్త్రీల పత్రిక తెచ్చారు. కొన్నాళ్లకు దాని సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మల చేతికి వచ్చింది. అచ్చమాంబ పుట్టింది 1874లో, నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్లయింది. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకోవడానికి తన దగ్గరికి వస్తే, అతని పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. పుట్టిన పిల్లలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే దేశంలోని స్త్రీల జీవిత చరిత్రలు పోగుచేయడం మొదలుపెట్టింది. తర్వాత ఊరూరా తిరిగి, సమాజాలు పెట్టండమ్మా అని చెప్పింది. 1905లో, ముప్పై ఏళ్లు దాటుతూ ఉండగానే చనిపోయింది.

ఆ సమాజాల్లో ఏం చేసేవారు? ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవారు. ఎవరైనా ఒక వ్యాసం రాసుకొచ్చి వినిపించేవారు. ఊళ్లో జరిగిన సభ సంగతి పత్రికకు రాసి పంపేవారు. అది అచ్చయి వస్తే ఇంకో ఊళ్లో ఇంకెవరో చదివి, మనమూ పెట్టుకుందాం అనేవారు. వినడానికి చిన్న పనే. కానీ ఒక ఇల్లాలు లేచి నిలబడి పదిమంది ముందు తన మాట తాను చెప్పడం అప్పటిదాకా జరగని పని. పైగా పేరంటానికి పిలవని మనిషి ఇక్కడికి రావచ్చు. చదువుకోవడానికి బొట్టు లేకపోవడం అడ్డం రాలేదు. నా లెక్కలో ఆ సమాజాలు చేసిన మొదటి గొప్ప పని అదే.

అయితే అందరూ సంస్కరణ పక్షాన లేరు. 1904లో కాకినాడ నుంచి ‘సావిత్రి’ పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ వితంతు వివాహాలను గట్టిగా వ్యతిరేకించారు. ఆమె అభిప్రాయంతో నాకు ఏమాత్రం పొత్తు కుదరదు. కానీ ఆమె కూడా కలం పట్టుకునే వాదించింది, పత్రిక పెట్టి వాదించింది. ఆడవాళ్లలో ఆడవాళ్లకు అభిప్రాయ భేదాలు బహిరంగంగా రావడం కూడా ఒక ముందడుగే. ఈ సమాజాల్లో కూర్చున్నది ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ల ఆడవాళ్లు, కొంత ఆస్తి ఉన్న ఇళ్లవాళ్లు. వాళ్లు చదువుకునే వేళకు వాళ్ల పెరట్లో అంట్లు తోమే మనిషి ఆ సమాజంలో సభ్యురాలు కాదు. ఈ మాట చెప్పకపోతే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

గాంధీగారి రోజులు వచ్చాక తలుపులు ఇంకాస్త తెరుచుకున్నాయి. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషి. శుభకార్యంలో ఎదురు రాకూడదని లోకం అన్న ఆవిడే ఊరూరా వేదికలెక్కి మాట్లాడింది, 1922లో జైలుకు వెళ్లింది. అదే ఏడాది గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు ఆడవాళ్ల చదువు కోసం శారదానికేతనం పెట్టారు. కాకినాడలో దుర్గాబాయి తన ఇంట్లోనే ఆడవాళ్లకు హిందీ చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి తానే చిన్నపిల్ల. 1923 కాంగ్రెస్ మహాసభలకు ఆ బడి నుంచే ఆడ వాలంటీర్లు తయారయ్యారు. అక్కడి ఎగ్జిబిషన్ ద్వారం దగ్గర టికెట్ లేదని నెహ్రూను ఆపిన పిల్ల ఆమే. చాలామంది ఆ సంఘటన చెప్పి ఊరుకుంటారు. నాకు మాత్రం ఆ ఇంటి బడే ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది. తర్వాత 1937లో మద్రాసు మైలాపూరులో ఆమె చిన్నపిల్లలను పోగుచేసి మొదలుపెట్టిన క్లబ్బు పేరులోనూ బృందావనం ఉంది. అదే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ 1931లో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. ఇలా ఊరికొకటి చెప్పుకుంటూ పోవచ్చు.

తెలంగాణలో పరిస్థితి వేరు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి. దానికి గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. అలాంటి చోట 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. దాంతోపాటే ఆంధ్ర మహిళా సభ జరిగింది (ఇది దుర్గాబాయి సభ కాదు, వేరు), దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ రోజుల్లో దొరల ఇళ్లలో ఆడవాళ్లకు ఘోషా, పేదింటి ఆడవాళ్లకు వెట్టి. ఈ రెండూ ఒకే ఊళ్లో పక్కపక్కనే ఉండేవి. సభలో కూర్చున్నవాళ్లు ఘోషా గురించి మాట్లాడగలిగారు. వెట్టి గురించి వెట్టి చేసేవాళ్లే మాట్లాడటానికి ఇంకా పది పదిహేనేళ్లు పట్టింది.

ఆ మాట పాలకుర్తిలో వినిపించింది. చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ కౌలుకు భూమి చేసుకుని పంట పండిస్తే, విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట మీదికి మనుషులను పంపాడు. ఐలమ్మ ఊళ్లో ఆంధ్ర మహాసభ వాళ్ల సంఘంలో చేరింది. సంఘం వాళ్లు వచ్చి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఊళ్లలో సంఘం అంటే ఆ రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకునే పని. ఆడవాళ్లు ఉత్తరాలు మోశారు, దళాలకు అన్నం పెట్టారు, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు తుపాకీ పట్టారు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటం ఆగాక వాళ్లలో చాలామందిని ఇంటికి వెళ్లి పెళ్లి చేసుకోమన్నారు, వంట చూసుకోమన్నారు. ఈ బాధ బయటికి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు ఊళ్లకు వెళ్లి, ఆ ముసలమ్మల పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చాయి. అడిగేవాళ్లు ఉంటే చెప్పేవాళ్లు ఉన్నారని ఆ పుస్తకం నిరూపించింది. వాళ్లు ఇంకో పదేళ్లు ఆలస్యం చేసి ఉంటే సగం గొంతులు పోయేవి.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వమే మహిళా మండళ్లు పెట్టింది. కుట్టు మిషన్లు, బాలవాడీలు వచ్చాయి. కొన్ని బాగా నడిచాయి, చాలా మండళ్లు బోర్డుగానే మిగిలాయి. దాని గురించి ఎక్కువ చెప్పను. నేను నెల్లూరు జిల్లా దూబగుంటకు వెళ్తాను.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల వాచకంలో సీతమ్మ అనే మనిషి కథ ఉంది. తాగుడు వల్ల కుటుంబం ఎలా పాడైందో చెప్పే పాఠం. ఆ పాఠం చదివి వాళ్లు ఊరుకోలేదు. ఇది మన కథే కదా అన్నారు. అప్పటికి సారా సరఫరా ప్రభుత్వం చేతుల్లోనే ఉంది, వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లు ఊళ్లలోకి వచ్చేవి. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు నడిచి వెళ్లే ఊరికి కూడా సారా మాత్రం గుమ్మంలోకి వచ్చేది. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనకు తెలిసింది, ఆమెతో నడిచిన వందల మంది పేర్లు తెలియలేదు. ఆ ఊరు చేసిన పని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివి పక్క ఊళ్లు కదిలాయి. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఎత్తేశారు కాబట్టి ఓడిపోయారని అంటారు కొందరు. నేను ఒప్పుకోను. బందరులో 1902లో ఏ కారణం చెప్పి ఆడవాళ్లు ఇల్లు కదిలారో, దూబగుంటలో కూడా అదే కారణం చెప్పి కదిలారు: చదువుకోవడానికి. తొంభై ఏళ్ల తేడాలో ఆ కారణం పెద్ద వీధి నుంచి కూలి ఇళ్లకు చేరింది. ఒకచోట కూర్చుని చదవడం మొదలుపెడితే మాట తాగుడు మీదికి, కూలి రేటు మీదికి, దెబ్బల మీదికి పోతుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

జహీరాబాద్ ప్రాంతం చూడండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడ దళిత ఆడవాళ్ల సంఘాలతో పనిచేస్తోంది. బీడు భూములు సాగులోకి తెచ్చారు, జొన్న, కొర్ర, సామ విత్తనాలు ఇళ్లలో దాచుకున్నారు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. వాకిలి దాకా కూడా రానివ్వని ఆడవాళ్ల గొంతు ఇప్పుడు రేడియోలో వస్తోంది. అచ్చమాంబ ఇది విని ఉంటే ఎంత సంతోషించేదో అనుకుంటాను.

ఇప్పుడు మీ సంఘాల మాట. సారా ఉద్యమం వేడిలోనే నెల్లూరులో రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి మొదలైంది. అప్పటికే ఉన్న డ్వాక్రా ఊరూరా పెరిగింది, తర్వాత వెలుగు, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య. దీనివల్ల జరిగిన మేలు నేను కళ్లారా చూశాను. బ్యాంకు మెట్లెక్కి మేనేజర్‌తో మాట్లాడే ధైర్యం వచ్చింది, వడ్డీ వ్యాపారి పీడ తగ్గింది. అయితే ఒక్క మాట నిజాయితీగా అడుగుతాను. మీ మీటింగ్‌లో కిస్తీ కాకుండా ఇంకేదైనా మాట్లాడి ఎన్నాళ్లయింది? ఒకరు కట్టకపోతే పదిమందికీ టెన్షన్, ఆ టెన్షన్‌లో స్నేహాలు పోతున్నాయి. అప్పుల ఒత్తిడి ఎంత దూరం పోగలదో ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ కంపెనీల వల్ల మనం చూశాం. 2010లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. సంతకం పెట్టి, డబ్బు కట్టి, పది నిమిషాల్లో లేచి వెళ్లే మీటింగ్ సంఘం కాదు. అందులో ఒక అరగంట ఎవరో ఒకరు ఏదైనా చదవండి. పేపర్ చదవండి, కథ చదవండి, మీ పిల్లల పాఠమైనా చదవండి. తర్వాత మాట ఎటు పోతే అటు పోనివ్వండి.

ఇంకో పని కూడా ఉంది, అది ఈ నెలలోనే చేయగలిగింది. లెక్కలన్నీ ఫోన్‌లోకి ఎక్కుతున్నాయి. పాత మినిట్స్ బుక్కులు అటకల మీద చెదలు తింటున్నాయి. మొదటి సంతకం పెట్టడం నేర్చుకున్న వేలిముద్రలు, మొదటి తీర్మానం, గొడవపడి కొట్టేసిన పేర్లు అన్నీ వాటిలో ఉన్నాయి. వందేళ్ల తర్వాత ఎవరైనా ఈ ఊరి ఆడవాళ్ల చరిత్ర రాయాలంటే వాళ్లకు దొరికేవి అవే. కాలేజీ పిల్లలూ, ఆదివారం నాడు మీ అమ్మమ్మల దగ్గర, సంఘం పాత లీడర్ల దగ్గర కూర్చోండి. మొదటి మీటింగ్ ఎవరి అరుగు మీద జరిగింది, ఎవరి భర్త గొడవ చేశాడు, ఏ వీధి వాళ్లను పిలవలేదు, ఎందుకు పిలవలేదు అని అడగండి. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. వాళ్లు చెప్పవద్దన్న పేర్లు రాయకండి.

పుస్తకాలు తెచ్చేవాళ్లు వాటి మీద ఊరు, సంఘం పేరు, మొదలుపెట్టిన సంవత్సరం రాసి లైబ్రరీలో ఇవ్వండి. ప్రతి పేజీ ఫొటో తీసి, అసలు పుస్తకం మళ్లీ మీ చేతికే ఇస్తాం.