కోరు మీద చెయ్యి

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. పవర్ ఎలక్ట్రానిక్స్ భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్ స్విచ్‌ల గొప్పతనం పొద్దుటి నుంచి వింటూనే ఉన్నాం. వాటి పక్కనే కూర్చుని కాగిపోయే కోరు, అంటే తీగ చుట్ట మధ్యలో ఉండే అయస్కాంత దిమ్మ, దాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నాకు అదే బాధ.

డిప్లొమా చదివేటప్పుడు సెలవుల్లో మా మేనమామ వైండింగ్ షాపులో పనిచేసేవాణ్ని. ఒకసారి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ-ఐ స్టాంపింగులు, అంటే E, I అక్షరాల ఆకారంలో కత్తిరించిన ఇనుప రేకులు, పేర్చాను. అంచులు ఎగుడుదిగుడుగా కనిపిస్తే చుట్టూ ఆకురాయి పట్టి నున్నగా అరగదీశాను. అద్దంలా మెరిసింది. మామయ్య లోడు లేకుండానే గంటసేపు కరెంటు ఇచ్చి, ఆపి, కోరుకు చేతి వెనకవైపు ఆనించి చటుక్కున తీసేశాడు. "రేకుకూ రేకుకూ మధ్య వార్నిష్ ఎందుకనుకున్నావురా?" అన్నాడు.

విడివిడిగా ఉండాల్సిన రేకులను అంచుల దగ్గర నేనే కలిపేశాను. కోరులోనే సుడులు తిరిగి దాన్ని వేడెక్కించే ఎడ్డీ కరెంట్లకు దారి ఇచ్చాను. రేకు మందం సగం చేస్తే ఆ నష్టం నాలుగో వంతవుతుంది. కోరులో అయస్కాంత తీవ్రత మారకుండా ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అది 50 హెర్ట్జ్ పని. కరెంటును ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఇప్పటి కన్వర్టర్లు లక్ష హెర్ట్జ్ దాటుతున్నాయి, ఆలోచించండి!

ఫెర్రైట్ అనే పింగాణీ లాంటి అయస్కాంత పదార్థం కరెంటును బాగా అడ్డుకుంటుంది, కానీ అర టెస్లా లోపే సంతృప్తమవుతుంది; టెస్లా అయస్కాంత తీవ్రతకు కొలమానం, ఆ హద్దు దాటి అయస్కాంతత్వం ఇక పట్టదు. 1988లో జపాన్‌లో యోషిజావా బృందం దారి చూపింది. ఇనుము, సిలికాన్, బోరాన్‌లకు కొద్దిగా రాగి, నియోబియం కలిపి, కరిగించి, 20 మైక్రాన్ల రిబ్బనుగా చల్లార్చి, సుమారు 550 డిగ్రీల దగ్గర కాల్చారు. పది నానోమీటర్ల రేణువులు ఏర్పడ్డాయి. ఒక్కో రేణువు ఒక్కో దిక్కుకు లాగడంతో ఆ లాగుడంతా దాదాపు చెల్లిపోతుంది. అయస్కాంతత్వం తేలిగ్గా తిరుగుతుంది, అది దిక్కు మారిన ప్రతిసారీ పోయే శక్తి, అంటే హిస్టరిసిస్ నష్టం, పడిపోతుంది. పైగా 1.2 టెస్లా దాకా నిలుస్తుంది. కాల్చాక మాత్రం గాజులా పెళుసు.

బాబూ, వెనక వరుసలో వాళ్లు కూడా వినండి. కేటలాగులో నష్టం అంకె సాధారణంగా సైన్ తరంగంతో కొలిచింది. మీ కన్వర్టర్ ఇచ్చేది చదరపు తరంగం. ఆ అంకెను నమ్మి డిజైన్ చేయకండి. మీ తరంగంతో, మీ ఉష్ణోగ్రత దగ్గర, మీరే కొలవండి. అధ్యాపకులను కూడా వేడుకుంటున్నాను, ఈ ఒక్క ప్రయోగం ల్యాబులో పెట్టించండి.

ఆ రోజు మామయ్య కోరు మొత్తం విప్పించాడు. ఒక్కో రేకు అంచునూ శుభ్రం చేయించి, వార్నిష్ పూయించి, ఆరాక మళ్లీ పేర్పించాడు. గంట కరెంటు ఇచ్చి ఆపాడు. ఈసారి నా చెయ్యి పట్టుకుని కోరు మీద పెట్టాడు. గోరువెచ్చగా ఉంది.