జీర్ణోద్ధరణకు ముందు ఒక నోటు పుస్తకం

సభలోని పెద్దలకు, వెనక వరుసలో కూర్చున్న దేవాలయ కమిటీల సభ్యులకు నమస్కారం. కమిటీల వారు కాస్త ముందుకు వచ్చి కూర్చుంటే బాగుంటుంది. ఈరోజు నేను చెప్పేదంతా దాదాపు మీతోనే.

మన గోదావరి డెల్టాలో పాత గుడులకు దొంగల వల్ల జరిగిన నష్టం కంటే దాతల వల్ల జరిగిందే ఎక్కువని నా అభిప్రాయం. కోపగించుకోకండి. గుడికి విరాళం రాగానే మనం చేసేదేమిటి? గోడలకు ఆయిల్ పెయింట్, నేలకు గ్రానైటు, మండపానికి టైల్సు. తీసి పారేస్తున్న మెట్టు మీద అక్షరాలున్నాయేమో చూసే మనిషి ఆ రోజు అక్కడ ఉండడు. ఆ మనిషిని సమయానికి అక్కడికి పంపగలిగితే మా చరిత్ర సంఘం సగం పని చేసినట్టే.

ఇది మనకు కొత్త కాదు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022లో జరిగింది. దానికి 900 ఏళ్లు నిండిన 1922లోనే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాళ్లబండి సుబ్బారావు, భావరాజు వేంకట కృష్ణారావు వంటివారు దానికోసం పాటుపడ్డారు. శాసనాలను చదివి, చర్చించి, పత్రికలో అచ్చు వేయించారు. వాళ్ల దగ్గర సర్కారు అధికారం లేదు, ఉన్నదల్లా ఓపిక. రాజమహేంద్రవరం ప్రభుత్వ మ్యూజియానికి రాళ్లబండి వారి పేరు ఊరికే పెట్టలేదు. తాళపత్రాల విషయంలో అటువంటి సేవే కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేసింది.

శాసనానికి నకలు తీయడం చూశారా? రాతిని బ్రష్షుతో, నీళ్లతో కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరుస్తారు. గట్టి కుచ్చు బ్రష్షుతో కొడుతూ ఉంటే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక, గుడ్డ చుట్టిన ముద్దతో నల్ల సిరా అద్దుతారు. గుంటలకు సిరా అంటదు కాబట్టి నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. ద్రాక్షారామంలో అఖండ దీపాలకు గొర్రెలను దానమిచ్చిన వారి పేర్లు మనకు ఇలాగే అందాయి. గోడ రేపు అరిగిపోయినా నకలు మిగులుతుంది. సుత్తి, ఉలి, ఇసుక చిమ్మి రాతిని గీకే శాండ్ బ్లాస్టింగ్ యంత్రం ఒకసారి తిరిగాక మాత్రం ఏ పండితుడూ ఏమీ చేయలేడు.

రాగి రేకుల మీద చెక్కిన శాసనాల సంగతి వేరు. కోరుమిల్లి, నందంపూడి శాసనాలు రెండూ రాజరాజ నరేంద్రుడివే. నందంపూడి శాసనం రాసినవాడు సాక్షాత్తూ నన్నయభట్టు. ఇప్పుడు పొలంలో అలాంటి రేకు దొరికితే రైతుకు మొదట కలిగేది భయం: పొలం పోతుందేమో, పోలీసులు వస్తారేమో అని. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. ఆ మాట చెప్పి, రైతు వెంట తహసీల్దారు దగ్గరకు వెళ్లే తెలిసిన మనిషి ఊళ్లో ఉంటే రేకు పాత సామాన్ల కొట్టుకు చేరదు.

ద్రాక్షారామం, బిక్కవోలు గుడులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. చుట్టుపక్కల వాళ్లకు ఇది ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ మన మండువా లోగిళ్లకు, కాటన్ దొర ఆనకట్ట తర్వాత కాలువల మీద వెలసిన లాకులకు, నరసాపురం, పాలకొల్లు వైపు డచ్చి వర్తకుల ఆనవాళ్లకు చాలాచోట్ల ఆ మాత్రం కాపలా కూడా లేదు. వారసులు హైదరాబాదులో ఉంటారు, ఇల్లు పడగొట్టి ద్వారబంధాలు, స్తంభాలు విడివిడిగా అమ్మేస్తారు. ఆపలేకపోయినా కొలతలు, ఫొటోలు, ముసలివాళ్ల మాటలు నమోదు చేసుకోవచ్చు.

నిలబెట్టగలిగిన వాటి గురించి ఒక్క మాట. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయకండి. మన నేలలో చెమ్మ ఎక్కువ. సున్నం ఆ చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. కొన్నేళ్లకు ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, పాత గుడి పల్లంలో పడి, వానకు నీళ్లు లోపలికి వస్తున్నాయి కదా? ముందు పంచాయతీని అడగవలసింది మురుగు కాలువ, గోపురానికి రంగు తర్వాత సంగతి.

కమిటీల వారిని కోరేది ఇంతే. అంచనాలు వేయించే ముందు మాకు కబురు చేయండి. మేము వచ్చి రాళ్లన్నీ చూసి, ఫొటోలు తీసి, ఏది కదపకూడదో రాసి ఇస్తాం, రుసుము లేదు. ఈ ఏడాది పనులు మొదలుపెట్టే గుడులుంటే వాటి పేర్లు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్న రిజిస్టరులో రాయండి, పక్కన మేస్త్రీ ఫోను నంబరు కూడా వేయండి.