బ్లూటూత్ తెగిన ఆ నిమిషంలో కెర్నల్ ఏం చెప్పింది?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు నుంచి అనంతపురం వచ్చి హాస్టళ్లలో ఉంటూ, పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటునో ఫెడోరానో, అంటే లైనక్స్ వేసుకుని చదువుకుంటున్నవాళ్లే. పాఠం వింటుంటే ఇయర్‌ఫోన్లు టక్కున తెగిపోతాయి. వెంటనే బ్లూటూత్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తారు, కుదరకపోతే మిషన్నే రీస్టార్ట్ చేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు.

సర్వీస్, అంటే లైనక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే బ్లూజెడ్ అనే ప్రోగ్రామ్, పైన ఉంటుంది. దాని కింద కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) డ్రైవర్, అంటే చిప్‌తో మాట్లాడే ముక్క, ఇంకా కింద చిప్. ఆ చిప్పే పలకనప్పుడు పైన సర్వీస్‌ని ఎన్నిసార్లు లేపితే మాత్రం ఏం లాభం?

ఒక టెర్మినల్‌లో కెర్నల్ సందేశాల్ని పడ్డవి పడ్డట్టు చూపించే 'జర్నల్‌సీటీఎల్ -కె -ఎఫ్', ఇంకోదాంట్లో పరికరాలు రావడం, పోవడం చూపించే 'యూడెవ్‌ఏడీఎమ్ మానిటర్' తెరిచి పెట్టి, మామూలుగా పాట వినండి. తెగిన క్షణంలో ఏ లైన్ ముందు పడిందో చూడండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి బ్లూటూత్ కూడా యూఎస్‌బీ మీదే నడుస్తుంది కాబట్టి 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అని ముందు పడితే చిప్ ఆ యూఎస్‌బీ లైను (బస్) మీద నుంచే జారిపోయిందన్నమాట, ఇక ఇయర్‌ఫోన్లను అనుమానించే పని లేదు. 'ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ -2' అంటే చిప్‌లోకి ఎక్కించాల్సిన ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) ఫైల్ దొరకలేదని, లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ చూసుకోండి. 'టీఎక్స్ టైమవుట్' అంటే డ్రైవర్ అడిగింది, చిప్ జవాబివ్వలేదు. ఇలాంటప్పుడు రీస్టార్ట్ చాలదు, ఎందుకంటే చిప్‌కి కరెంటు పూర్తిగా ఆగకపోవచ్చు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, కాసేపాగి ఆన్ చేయండి.

కాసేపు వాడకుండా వదిలేశాకే తెగుతోందంటే నేనైతే ముందు ఆటోసస్పెండ్‌ని అనుమానిస్తాను. బ్యాటరీ ఆదా కోసం కెర్నల్ ఆ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది, కొన్ని చిప్‌లు సరిగా లేవవు. డ్రైవర్ల సెట్టింగ్‌లు ఉండే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో బీటీయూఎస్‌బీ అనే యూఎస్‌బీ బ్లూటూత్ డ్రైవర్‌కి 'ఎనేబుల్_ఆటోసస్పెండ్=0' అని రాసి మళ్లీ బూట్ చేసి చూడండి. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, తిననివ్వండి, ముందు కారణం తేలాలి.

లాగ్‌లో ఏమీ పడలేదా? 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టి బ్లూటూత్ రేడియో ఆఫ్ (బ్లాక్) అయిందేమో చూడండి. అదీ కాకపోతే పక్కనున్న యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తీసి చూడండి, దాని నుంచి వచ్చే రేడియో రొద బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది.

అప్పటికే రీస్టార్ట్ చేసేశారా, పర్వాలేదు. జర్నల్ డిస్క్‌లో దాచే సిస్టమ్ అయితే 'జర్నల్‌సీటీఎల్ -కె -బి -1' పోయినసారి లాగ్ చూపిస్తుంది. బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు తెగడానికి ముందు లైన్లు, కెర్నల్ వెర్షన్, యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో కనిపించే ఆ చిప్ ఐడీ, ఈ మూడూ కలిపి పంపండి.