సుంకి ఘాట్ ఎక్కని విమానం: హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 ప్లేన్ డిజైనర్ రివ్యూ

నమస్తే అండీ అందరికీ. ఒడిశాలోని సునాబెడ నుంచి మాట్లాడుతున్నాను. వెనక దడదడ వినిపిస్తే అది ఆటలో బాంబులు కాదు, మా రేకుల మీద వాన. కోరాపుట్ జిల్లాలో వాన పట్టిందంటే ఏ మైకూ పనికిరాదు.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఒక దేశాన్ని నడిపే కంప్యూటర్ ఆట. పాతదే, 2016లో వచ్చింది. ఇవాళ మాట్లాడేది 2022లో వచ్చిన బై బ్లడ్ అలోన్ డీఎల్‌సీ గురించి, అంటే ఆటకి విడిగా కొనుక్కునే అదనపు భాగం. అందులోనూ మన విమానాన్ని మనమే తయారుచేసుకునే ప్లేన్ డిజైనర్ ఒక్కటే. ఇటలీ, ఇథియోపియా సంగతులు ఇంకోసారి చూద్దాం.

ముందు నా పరువు పోయిన కథ. జపాన్‌తో ఆడుతున్నాను. 1941 వచ్చేసరికి రీసెర్చ్ చాలానే అయింది. చిన్న ఎయిర్‌ఫ్రేమ్ (విమానం చట్రం) తెరిచి, ఖాళీ స్లాట్ కనిపించినచోటల్లా ఏదో ఒకటి కుక్కేశాను. కేనన్, హెవీ మెషిన్ గన్, బాంబు లాక్స్ (బాంబులు తగిలించేవి), ఆర్మర్ ప్లేట్... పెళ్లి విస్తరిలా నిండిపోయింది. తీరా చూస్తే డిజైన్ సేవ్ అవ్వదు! బరువు ఇంజిన్ థ్రస్ట్‌ని, అంటే దాని తోపుడు బలాన్ని, దాటిపోయింది.

పక్కింటి పెద్దాయన అది చూసి నవ్వారు. ఆయన ఇక్కడి హెచ్‌ఏఎల్ (విమానాలు చేసే ప్రభుత్వ కంపెనీ) ఇంజిన్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. 1964లో పెట్టిన ఫ్యాక్టరీ అది, మిగ్-21 ఇంజిన్లతో మొదలై సుఖోయ్-30 ఇంజిన్ల దాకా వచ్చింది. "బాబూ, సాలూరులో బస్తాలు ఎన్నైనా ఎక్కిస్తావు. సుంకి ఘాట్‌లో లారీ ఏ గేరులో ఎక్కుతుందో అది చూడు" అన్నారు. సాలూరు నుంచి మా వైపు ఎక్కే కొండ రోడ్డు అది.

డిజైనర్ కిటుకు మొత్తం అందులోనే ఉందండీ. బరువు పోను మిగిలిన థ్రస్ట్ స్పీడ్‌గా మారుతుంది. అంటే మీరు పెట్టకుండా వదిలేసిన వస్తువుకి కూడా ఫలితం వస్తోంది. మెయిన్ వెపన్ స్లాట్‌లో పెట్టినదాన్ని బట్టి అది ఫైటరా, బాంబర్ లాంటిదా అని ఆట తేలుస్తుంది. నేను రెండు వేర్వేరు డిజైన్లు చేసుకున్నాను. ఫైటర్‌లో మంచి ఇంజిన్, హెవీ మెషిన్ గన్లు, డ్రాప్ ట్యాంక్ (అదనపు ఇంధన ట్యాంకు), అంతే. బాంబులు మోయడానికి ఇంకోటి.

ఇక సెల్ఫ్ సీలింగ్ ట్యాంక్. బుల్లెట్ తగిలినా ఇంధనం కారిపోకుండా రబ్బరు పొర చిల్లును మూసేస్తుంది. ఆటలో దానికి రబ్బరు కావాలి. జపాన్‌కి రబ్బరు ఎక్కడిది? మలయా, డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి మలేషియా, ఇండోనేషియా వైపు) చేతికి రావాలి. విమానాలకి అల్యూమినియం కూడా కావాలి. దమన్‌జోడిలో అల్యూమినా (అల్యూమినియం ముడిసరుకు) ఫ్యాక్టరీ పక్కన బతుకుతూ, ఆటలో అల్యూమినియం కోసం దేశదేశాలు దేవురించడం నా ఖర్మ!

అసలు జపాన్ వాళ్లు ఏం చేశారో తెలుసా? వాళ్ల నౌకాదళం వాడిన జీరో ఫైటర్ మొదటి మోడళ్ల ఇంజిన్ దాదాపు 940 హార్స్‌పవర్. దాంతోనే అదనపు ట్యాంకు తగిలించి 3,000 కిలోమీటర్ల దాకా వెళ్లాలి, గింగిరాలూ తిరగాలి. అందుకని వాటిలో పైలట్‌కి కవచం లేదు, సెల్ఫ్ సీలింగ్ ట్యాంకులూ లేవు. 1943లో అమెరికా 2,000 హార్స్‌పవర్ హెల్‌క్యాట్ ఫైటర్‌ని దించింది. కవచం మోస్తూనే జీరో కంటే వేగంగా వెళ్లింది. పుస్తకంలో చదివినప్పుడు "పాపం, పైలట్లను పట్టించుకోలేదు" అనుకున్నాను. డిజైనర్‌లో నేనూ ఆ సెల్ఫ్ సీలింగ్ ట్యాంకు తీసేశాక నోరు మూసుకున్నాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది కూడా ఆ జపాన్ నౌకాదళం విమానాలే. మా తాతల కాలం భయం అది, ఆటలో నేను వాళ్ల వైపు ఆడుతుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

నచ్చనిది ఒకటుంది, రేంజ్, అంటే విమానం ఎంత దూరం వెళ్లగలదో అది. డిజైనర్‌లో కిలోమీటర్లు చూపిస్తుంది. ఎయిర్ జోన్‌లో (ఆట మ్యాప్‌ని విడగొట్టిన ఒక్కో ఆకాశ ప్రాంతంలో) ఎంత భాగం కవర్ అవుతుందో మాత్రం విమానాలను బేస్‌లో పెట్టి మిషన్ ఇచ్చేదాకా నాకు అర్థం కాలేదు. పసిఫిక్ జోన్లు సముద్రమంత పెద్దవి, సముద్రాలే కదా మరి. ఫ్యాక్టరీలు వారాల తరబడి చేసిన విమానాలు సగం జోన్ కూడా అందుకోలేకపోతే ఎలా ఉంటుంది చెప్పండి?

పదికి ఎనిమిది ఇస్తాను. సేల్‌లో దొరికితే కొనండి, పూర్తి ధరకి మాత్రం నేను ఆగమంటాను.

పెద్దాయన ఇప్పుడు రోజూ సాయంత్రం టీ గ్లాసుతో వచ్చి కూర్చుంటున్నారు. "మిగ్ ఎప్పుడు వస్తుంది?" అని ఒకటే ప్రశ్న. ఆట తొలి జెట్‌ల దగ్గరే ఆగిపోతుందని ఇంకా చెప్పలేదు.